పల్లె దారుల్లో సైకిల్ లూప్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి దగ్గర సైకిలెక్కి, ఊరు దాటి, పొలాల మధ్య చిన్న రోడ్ల మీద ఓ చుట్టు చుట్టి, వెళ్ళిన దారిని మళ్ళీ తొక్కకుండా ఇంటికి చేరడాన్నే సైకిల్ తొక్కేవాళ్ళం లూప్ అంటాం. చాలా ఏళ్ళుగా నాకు ఇష్టమైన పని ఇది. మ్యాప్ ముందు కూర్చుని లూప్ గీయడం ఒక సరదా, గీసినదాన్ని తొక్కి చూడడం ఇంకో సరదా. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. అన్నీ చదివే ఓపిక లేకపోతే అడ్డదారుల గురించి చెప్పిన జవాబు ఒక్కటైనా చదవండి.

వెళ్ళిన దారినే తిరిగి వస్తే సరిపోదా? లూప్ ఎందుకు?

సరిపోతుంది. దారి తప్పుతామన్న భయం ఉండదు కాబట్టి మొదటి ఒకటి రెండు రోజులు అలాగే తొక్కినా మంచిదే. కానీ ఒక చిన్న లెక్క చూడండి. 30 కి.మీ. రైడ్‌ని వెళ్ళి రావడంగా చేస్తే, మధ్యలో మీరు ఇంటికి 15 కి.మీ. దూరంలో ఉంటారు. అదే 30 కి.మీ.ని గుండ్రంగా చుడితే ఆ వృత్తం వ్యాసం తొమ్మిదిన్నర కి.మీ. మాత్రమే. అంటే లూప్‌లో అన్నిటికంటే దూరమైన చోట కూడా ఇల్లు నేరుగా పది కి.మీ. లోపే ఉంటుంది. రోడ్లు వంకర్లు తిరుగుతాయి కాబట్టి పదకొండో పన్నెండో అనుకోండి. కాళ్ళు పట్టేసిన రోజున ఆ మూడు నాలుగు కిలోమీటర్ల తేడా ఎంత పెద్దదో తొక్కినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంకోటి, లూప్‌లో ప్రతి మలుపూ కొత్తదే. తిరుగు ప్రయాణం అనేదే ఉండదు.

మొదటి లూప్ ఎంత దూరం పెట్టుకోవాలి?

20 కి.మీ. చాలు. దూరం కంటే సమయం లెక్కన ఆలోచించడం మేలు. పల్లె రోడ్ల మీద కొత్తవాళ్ళు గంటకు 12 నుంచి 15 కి.మీ. వేగంతో వెళ్తారు. ఫోటోలకీ, నీళ్ళకీ, మ్యాప్ చూసుకోడానికీ ఆగేది కలుపుకుంటే 20 కి.మీ.కి రెండు గంటలు పడుతుంది. అది హాయిగా పూర్తయిందనిపిస్తే తర్వాతి వారం 25 చేయండి, ఆ తర్వాత 30.

గంటకు 15 అంటే మరీ నెమ్మది కాదా అని కొందరు సిగ్గుపడతారు. గడువు లోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లని బ్రెవే అంటారు. ప్రపంచమంతా జరిగే 200 కి.మీ. బ్రెవే రైడ్లకు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. ఆగిన సమయంతో కలిపి చూస్తే సగటున గంటకు 15 కి.మీ. కూడా కాదు. అంత దూరం తొక్కేవాళ్ళకే ఆ వేగం సరిపోతున్నప్పుడు మనకెందుకు టెన్షన్?

మ్యాప్ మీద లూప్ ఎలా గీయాలి?

నేను చేసే పద్ధతి చెప్తాను. ముందు ఇంటి చుట్టూ ఉన్న వాగులు, కాలువలు, రైలు పట్టాలు, పెద్ద హైవేలు ఎక్కడెక్కడున్నాయో చూస్తాను. పల్లె దారులు ఎన్నయినా ఉంటాయి కానీ వీటిని దాటే చోట్లు కొన్నే ఉంటాయి. వంతెనలు, రైల్వే గేట్లు, హైవే కింద నుంచి వెళ్ళే దారులు గుర్తు పెట్టుకుంటే లూప్ సగం గీసినట్టే. ఇది తెలియక మొదట్లో నేను అందమైన చిన్న రోడ్లన్నీ ఏరుకుని, చివరికి అవన్నీ వాగుకి అటువైపే ఉన్నాయని చూసి మళ్ళీ మొదటి నుంచి గీసేవాణ్ణి.

తర్వాత చూడాలనుకునే చోట్లు మూడో నాలుగో ఎంచుకోండి. ఒక చెరువు, ఒక పాత గుడి, ఓ చెట్ల వరస, ఏదైనా సరే. వాటిని చిన్న రోడ్లతో కలపండి. మ్యాప్‌లో సన్నగా కనిపించే రోడ్లే మనకు కావాల్సినవి. పెద్ద రోడ్డు మీద పొడుగునా తొక్కడం కంటే దాన్ని అడ్డంగా ఒక్కసారి దాటేసి అవతలి చిన్న రోడ్డు పట్టుకోవడం ఎప్పుడూ నయం. పెద్ద రోడ్డు తప్పనిసరైతే అది లూప్ మొదట్లో వచ్చేలా చూసుకోండి. అలసిపోయాక మనిషి తిన్నగా తొక్కలేడు, వెనక్కి తిరిగి చూడడానికీ బద్ధకిస్తాడు.

గీసిన తర్వాత మొత్తం దూరం అనుకున్నదానికంటే ఎక్కువే వస్తుంది. ప్రతిసారీ అంతే. అందుకే 30 కి.మీ. కావాలంటే మ్యాప్ మీద ఓ ఏడు ఎనిమిది కి.మీ. వ్యాసంతో మొదలుపెట్టండి.

అడ్డదారులు అంటే ఏమిటి? వాటికెందుకు అంత ప్రాముఖ్యం?

లూప్ గీయడం అయిపోగానే చాలామంది ఫైల్ సేవ్ చేసుకుని నిద్రపోతారు. నేను ఇంకో పావుగంట కూర్చుంటాను. ఆ గుండ్రటి గీత మీద ఎక్కడెక్కడి నుంచి లోపలికి తిరిగితే ఇంటికి తొందరగా చేరొచ్చో వెతుకుతాను. లూప్‌లో పావు వంతు దగ్గర ఒకటి, సగం దగ్గర ఒకటి, ముప్పావు దగ్గర ఒకటి, కనీసం ఈ మూడు అడ్డదారులు తెలిసుండాలి. వాటిని మ్యాప్‌లో వేరే రంగుతో గీస్తాను. కూడలి గుర్తు, అక్కడి నుంచి ఇంటికి ఎన్ని కిలోమీటర్లో చిన్న కాగితం మీద రాసి జేబులో పెట్టుకుంటాను. ఫోన్ ఆఫ్ అయినా కాగితం ఆఫ్ అవ్వదు.

సగంలో చైన్ తెగొచ్చు, మబ్బు కమ్మొచ్చు, తోడు వచ్చినవాళ్ళకి మోకాలు పట్టేయొచ్చు. అప్పుడు ఫోన్ తీసి, ఎండలో మసకగా కనిపించే మ్యాప్ మీద వేళ్ళతో దారి వెతుక్కోవడం చాలా కష్టం. అదే ముందు రాత్రి చూసుకున్న దారైతే "తర్వాతి మలుపు దగ్గర లోపలికి తిరిగితే ఏడు కి.మీ." అని మనసులో ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. తొందరగా ఇల్లు చేరే దారి తెలిసినవాళ్ళే ధైర్యంగా దూరం వెళ్తారు. రెండేళ్ళు ఇలా గీశాక చూస్తే నా దగ్గర విడివిడి లూపులు లేవు, ఒకదానితో ఒకటి కలిసిపోయిన దారుల వల ఉంది. ఏ కూడలిలో నిలబడ్డా అటు వెళ్తే ఏమొస్తుందో, ఇటు వెళ్తే ఎంతలో ఇల్లు చేరతానో తెలుసు.

ఏ యాప్ వాడాలి?

ఏది అలవాటైతే అది. రూట్ గీయడానికి కొమూట్, రైడ్ విత్ జీపీఎస్ లాంటివి బాగుంటాయి. నెట్ లేకుండా మ్యాప్ చూడ్డానికి ఓస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ ఉన్నాయి. ఈ నాలుగింటికీ ఆధారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో మొదలైన ఈ మ్యాప్‌ని ప్రపంచమంతా మామూలు మనుషులే నింపుతున్నారు. కాలిబాటలు, బండిదారులు అందులో ఎక్కువగా దొరకడానికి కారణం అదే. మీ ఊరి దగ్గర ఒక దారి లేదని కనిపిస్తే మీరే చేర్చవచ్చు. నేను చేర్చాను, తర్వాత ఎవరో తెలియనివాళ్ళు ఆ దారిలో సైకిల్ మీద ఎదురైనప్పుడు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

గూగుల్ మ్యాప్స్ రోడ్ల పేర్లకీ, ఉపగ్రహ చిత్రాలకీ బాగా పనికొస్తుంది. అయితే దారి చెప్పేటప్పుడు అది తొందరగా చేరే దారికే మొగ్గు చూపుతుంది. మనకు కావాల్సింది తీరిగ్గా చుట్టి వచ్చేది. సైకిల్ తొక్కేవాళ్ళు తమ రైడ్లు నమోదు చేసుకునే స్ట్రావా యాప్ హీట్‌మ్యాప్‌లో ఎక్కువమంది తొక్కిన రోడ్లు మెరుస్తూ కనిపిస్తాయి, కొత్త చోట అది మంచి ఆధారం. అక్కడ మెరవని రోడ్డు చెడ్డదని మాత్రం అనుకోవద్దు.

జీపీఎక్స్ ఫైల్ అంటే?

దారిని వరస చుక్కలుగా దాచే ఫైల్. దాదాపు అన్ని యాప్‌లూ, సైకిల్ కంప్యూటర్లూ దాన్ని చదువుతాయి. ఇందులో ట్రాక్, రూట్ అని రెండు రకాలున్నాయి. ట్రాక్‌లో మీరు గీసిన గీత గీసినట్టే ఉంటుంది. రూట్‌లో ముఖ్యమైన చోట్లే ఉంటాయి, మధ్యలో దారిని మీ యాప్ తనకు తోచినట్టు కలుపుతుంది. ఎప్పుడూ ట్రాక్‌గానే సేవ్ చేసుకోండి.

మ్యాప్‌లో ఉన్న దారి అక్కడికెళ్ళి చూస్తే లేకపోతే?

ఇది అందరికీ జరుగుతుంది. ఒకసారి వాగు గట్టు మీద నాలుగు కి.మీ. పొడుగున దారి ఉన్నట్టు మ్యాప్‌లో చూసి, మురిసిపోయి, లూప్ అంతా దాని చుట్టూ కట్టాను. మొదటి మూడు కి.మీ. నిజంగానే బాగుంది, ఒక పక్క నీళ్ళు, ఒక పక్క రెల్లు. ఆ తర్వాత దారి సన్నబడింది, గడ్డి పెడళ్ళకు చుట్టుకోవడం మొదలైంది. ఇంకో మలుపు తిరిగేసరికి గట్టు తెగిపోయి ఉంది. ముందెప్పుడో వచ్చిన వరదకి కొట్టుకుపోయినట్టుంది, తెగిన చోట అప్పటికే తుమ్మ మొక్కలు మోకాళ్ళ ఎత్తుకి పెరిగాయి. అవతలి గట్టు పది అడుగుల దూరంలోనే కనిపిస్తోంది. సైకిల్ భుజాన వేసుకుని దిగుదామనుకుని ఒక కాలు పెట్టాను. చీలమండ దాకా బురదలోకి దిగిపోయింది. వెనక్కి తిరిగాను.

అప్పటి నుంచి మట్టిదారి ఏది కనిపించినా ఉపగ్రహ చిత్రంలో మొత్తం పొడుగునా జరుపుతూ చూస్తాను. చక్రాల జాడలు రెండు గీతలుగా స్పష్టంగా కనిపిస్తే బండ్లు తిరుగుతున్నట్టు. గీత మధ్యలో మాయమైతే అనుమానించాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో బండిదారులకు 1 నుంచి 5 వరకు గ్రేడులుంటాయి. 1 అంటే గట్టి దారి, 5 అంటే మెత్తటి నేల మీద కనిపించీ కనిపించని జాడ. మామూలు సైకిల్‌కి 1, 2 పర్వాలేదు. 3 ఎండాకాలంలో సరే. 4, 5 ఉన్న ముక్కల్ని మొదటిసారే నమ్ముకుని లూప్ వేయొద్దు.

పొలంలో ఎవరైనా కనిపిస్తే ఆగి అడగండి. "ఈ దారి అటు కలుస్తుందా?" అని అడిగితే నడిచేవాళ్ళ లెక్కలో "కలుస్తుంది" అంటారు. "సైకిల్ వెళ్తుందా? మధ్యలో నీళ్ళున్నాయా?" అని అడగాలి.

ఏ దిక్కుగా తిరగాలి? కుడి నుంచా, ఎడమ నుంచా?

నాకు బాగా నచ్చే ప్రశ్న. ఒకే లూప్‌ని ఇటు తిప్పితే ఒక రైడ్, అటు తిప్పితే పూర్తిగా వేరే రైడ్.

ముందుగా మలుపుల సంగతి. ఎడమవైపు నడిపే దేశాల్లో ఎడమకు తిరగడం తేలిక, ఎదురొచ్చే బండ్లకు అడ్డం పోనక్కర్లేదు. గడియారం ముల్లుకు ఎదురుగా లూప్ తిరిగితే ఎక్కువ మలుపులు ఎడమకే వస్తాయి. కుడివైపు నడిపే దేశాల్లో దీనికి తిరగేసి, ముల్లు తిరిగేవైపే తిరగాలి. లూప్‌లో పెద్ద రోడ్డు ఉంటే నేను మిగతావన్నీ పక్కనపెట్టి దీన్నే పాటిస్తాను.

రెండోది గాలి. ముందు ఎదురుగాలిలో తొక్కి, అలసిపోయాక వీపు మీద గాలితో ఇంటికి రావాలని అందరూ చెప్తారు, అది నిజమే. ఎదురుగాలిలో పోగొట్టుకున్న సమయం తిరుగులో మళ్ళీ వచ్చేస్తుందనుకుంటారు, అది మాత్రం నిజం కాదు. గాలి లేని రోజు గంటకు 20 కి.మీ. వేగంతో 30 కి.మీ.కి 90 నిమిషాలు పడుతుందనుకోండి. గాలి ఉన్న రోజు సగం దూరం 15 వేగంతో వెళ్తే దానికే 60 నిమిషాలు, మిగతా సగం 25తో వస్తే 36 నిమిషాలు, మొత్తం 96. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి ఎప్పుడూ నష్టమే. గాలి ఉన్న రోజు సమయం కాస్త ఎక్కువే వేసుకోండి. మామూలుగా తెల్లవారుజామున గాలి పడిపోయి ఉంటుంది, ఎండెక్కే కొద్దీ లేస్తుంది. అందుకే బయల్దేరే వేళ గాలి కంటే తిరిగొచ్చే వేళ ఎటు వీస్తుందో చూడండి. వాతావరణ సూచనలో పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేది, పడమరకు పోయేది కాదు.

మూడోది సూర్యుడు. పొద్దున్నే తూర్పుకి తొక్కితే మన కళ్ళల్లోకి ఎండ. మన వెనక వచ్చే డ్రైవర్ కళ్ళల్లోకీ అదే ఎండ, అతనికి మనం కనిపించం. పొద్దు పొడిచిన మొదటి గంట తూర్పుకి, పొద్దుగుంకే ముందు గంట పడమరకి బండ్లు తిరిగే రోడ్డు మీద ఉండకుండా లూప్ తిప్పుకోండి.

ఎత్తులున్న లూప్ అయితే ఎటు నుంచి ఎక్కాలి?

ఈ విషయంలో అందరూ నాతో ఒప్పుకోరు. గుట్టకి ఒకవైపు నిటారుగా, గుంతలతో ఉన్న దారి, ఇంకోవైపు నున్నగా, మెల్లగా ఎక్కే దారి ఉంటే నేను చెడ్డ దారిన ఎక్కి మంచి దారిన దిగుతాను. ఎక్కేటప్పుడు కాళ్ళు మొరాయిస్తే దిగి నడిపించుకుంటూ పోతాను, పోయేదేమీ లేదు. నిటారు గుంతల దారిలో దిగేటప్పుడు కంకర మీద చక్రం జారితే ఆ రోజుతో రైడ్ అయిపోయినట్టే. ఎక్కుడు లూప్ మొదటి సగంలో వచ్చేలా చూసుకోండి.

దిగేటప్పుడు మలుపుకి ముందే వేగం తగ్గించాలి. మలుపులో ఉండగా ముందు బ్రేకు గట్టిగా నొక్కొద్దు.

ఎంత ఎత్తుందో ముందే ఎలా తెలుస్తుంది?

రూట్ గీసే యాప్‌లన్నీ మొత్తం ఎక్కుడు ఎన్ని మీటర్లో చూపిస్తాయి. 30 కి.మీ. లూప్‌లో 150 మీటర్ల లోపైతే చదును అనుకోవచ్చు. 300 మీటర్లుంటే ఎక్కి దిగుతూనే ఉంటారు. 600 ఉంటే అది గుట్టల రైడ్, సమయం బాగా ఎక్కువ పెట్టుకోవాలి. మొత్తం ఒక్కటే చూడకండి, ఎంత నిటారుగా ఉందో కూడా చూడండి. 100 మీటర్ల దూరంలో 5 మీటర్లు పెరిగితే 5 శాతం వాలు. 3 శాతం కంటికి కనిపించదు, కాళ్ళకు తెలుస్తుంది. 6, 7 శాతానికి చిన్న గేరు కావాలి. 10 దాటితే గేర్లు లేని సైకిల్ నడిపించాల్సిందే.

ఈ అంకెల్ని మరీ అంత నమ్మకండి. చాలా యాప్‌లు వాడే ఎత్తుల లెక్కకు మూలం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజులపాటు రాడార్‌తో కొలిచిన సమాచారం. అందులో దాదాపు 30 మీటర్లకో చుక్క ఉంటుంది. అందుకే వంతెన మీద వెళ్తున్నా వాగులోకి దిగి ఎక్కినట్టు చూపిస్తుంది, కొండ తొలిచి వేసిన రోడ్డుని కొండ మీదుగా ఎక్కిస్తుంది. చదును నేల మీద కూడా చిన్న చిన్న తప్పులన్నీ కూడుకుని లేని ఎక్కుడు కనిపిస్తుంది.

గేర్లు లేని మామూలు సైకిల్ సరిపోతుందా?

చదును నేల మీద నిక్షేపంగా సరిపోతుంది. నా మొదటి లూపులన్నీ అలాంటిదాని మీదే. కొత్త సైకిల్ కొనే ముందు ఉన్నదానికి సీటు ఎత్తు సరిచేసుకోండి. సీటు మీద కూర్చుని, పెడల్‌ని కిందికి తెచ్చి, దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అంతే కావాలి. సీటు కిందికి ఉండి మోకాళ్ళు నొప్పెడుతుంటే తమకి సైక్లింగ్ పడదని మానేసినవాళ్ళు నాకు తెలుసు.

మట్టి, కంకర కలిసిన దారులైతే 35 నుంచి 40 మి.మీ. వెడల్పు టైర్లు హాయిగా ఉంటాయి.

టైర్లలో గాలి ఎంత ఉండాలి?

టైరు పక్కన అచ్చు వేసిన హద్దు దాటొద్దు. అది హద్దు మాత్రమే, అంత కొట్టాలని కాదు. 40 మి.మీ. టైరుకి 45 పి.ఎస్.ఐ.తో (పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) మొదలుపెట్టి, బరువు ఎక్కువుంటే కాస్త పెంచి, దారి ఎగుడుదిగుడుగా ఉంటే కాస్త తగ్గించి చూడండి. ట్యూబులో గాలి ఊరికే ఉన్నా తగ్గిపోతుంది, కాబట్టి ప్రతి రైడ్‌కీ ముందు చూసుకోవాలి. అదే చేత్తో బ్రేకులు నొక్కి చూడండి, పెడల్ వెనక్కి తిప్పి చైన్ చప్పుడు వినండి.

మధ్యలో పంక్చర్ పడితే?

ఒక స్పేర్ ట్యూబు, రెండు టైర్ లివర్లు (టైరుని రిమ్ము మీంచి లేపే చిన్న పుల్లలు), చిన్న పంపు, ప్యాచులు. ఇవి లేకుండా లూప్‌కి బయల్దేరొద్దు. ఇంట్లో ఒకసారైనా ట్యూబు మార్చడం ప్రాక్టీస్ చేయండి.

రోడ్డు దిగి నీడకు రండి. చక్రం ఊడదీసి, మిగిలిన గాలి వదిలేసి, టైరు అంచుని రెండు వైపులా రిమ్ము మధ్య పల్లంలోకి నొక్కండి. ఇలా చేస్తే టైరు వదులై లివర్‌కి తేలిగ్గా వస్తుంది. ట్యూబు లాగి, కొద్దిగా గాలి కొట్టి, పెదాల దగ్గర పెట్టుకుని తిప్పండి. చిల్లు దగ్గర చల్లగా తగులుతుంది. ఇప్పుడు తొందరపడి కొత్త ట్యూబు వేసేయకండి. నేను అదే తప్పు చేశాను. పాత ట్యూబు తీశాను, కొత్తది వేశాను, అర కి.మీ. వెళ్ళేసరికి మళ్ళీ గాలి పోయింది. ప్యాచ్ వేశాను, మళ్ళీ పోయింది. మూడోసారి టైరు పూర్తిగా తీసి, లోపలి వైపు వేలితో ఒక్కో అంగుళం తడుముతూ వెళ్తే బియ్యపు గింజలో సగం కూడా లేని తుమ్మ ముల్లు మొన తగిలింది. బయటి నుంచి అసలు కనిపించలేదు. గోళ్ళతో పీకడానికి రాలేదు, చివరికి తాళం చెవి మొనతో లోపలి నుంచి బయటికి నెట్టాను.

కాబట్టి చిల్లు దొరకగానే ట్యూబుని వాల్వు సరిపోయేలా టైరు పక్కన పెట్టి, అదే చోట టైరులో వెతకండి. పక్కపక్కనే రెండు చిల్లులుంటే ముల్లు కాదు, గాలి తక్కువై ట్యూబు రిమ్ముకి నొక్కుకుందని అర్థం. చిల్లు లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే చువ్వల మీది టేపు జరిగిందేమో చూడాలి. కొత్త ట్యూబులో కొంచెం గాలి కొట్టి ఎక్కించండి, మడత పడదు. టైరు చివరి భాగాన్ని బొటనవేళ్ళతో ఎక్కించాలి, అక్కడ లివర్ వాడితే కొత్త ట్యూబే చిరుగుతుంది.

నీళ్ళు, తిండి ఎంత తీసుకెళ్ళాలి?

గంటకు అర లీటరు నీళ్ళు, ఎండలో ఇంకా ఎక్కువ. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగండి. గంట లోపు రైడ్‌కి తిండి అక్కర్లేదు. గంట దాటితే ప్రతి గంటకూ 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా ఏదో ఒకటి నములుతూ ఉండాలి, ఆకలేశాక తింటే అది కాళ్ళకు చేరేసరికి ఆలస్యమవుతుంది. ఎండలో తల తిరుగుతున్నా, వికారంగా ఉన్నా, ఒళ్ళు జలదరించినా వెంటనే నీడకు చేరి కూర్చోండి. అది అడ్డదారి వాడాల్సిన రోజు.

కుక్కలు వెంటపడితే?

చాలా కుక్కలు వేగంగా కదిలేదాన్నే తరుముతాయి. నేను వేగం తగ్గించి, దిగి, సైకిల్‌ని నాకూ దానికీ మధ్య ఉంచుకుని నెమ్మదిగా నడుస్తాను. కళ్ళలోకి చూడను, కాలు విసరను. దాని హద్దు దాటాక చాలావరకు అదే ఆగిపోతుంది. కరిస్తే మాత్రం, చిన్న గీత పడినా సరే, ధారగా పడే నీళ్ళతో సబ్బు పెట్టి 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా గురించి అడగండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు, కాబట్టి రేపు చూద్దామనుకోవద్దు.

పొలాల మధ్య వెళ్ళేటప్పుడు ఏం పాటించాలి?

ఆ దారి మనకు విహారం, అక్కడివాళ్ళకు పని చేసుకునే చోటు. ట్రాక్టర్ వస్తే మనమే దిగి పక్కకు జరగాలి. గొర్రెల మంద వస్తే ఆగిపోవాలి, కాపరి చెయ్యి ఊపేదాకా కదలకూడదు. పశువుల వెనక నుంచి వస్తుంటే దూరం నుంచే గొంతు వినిపించండి, మీద పడేంత దగ్గరగా వచ్చి బెల్లు కొడితే బెదురుతాయి. గేటు మూసి ఉంటే దాటాక మళ్ళీ మూయాలి, తీసి ఉంటే తీసే ఉంచాలి. దారి మీద పంట ఆరబోసి ఉంటే దిగి పక్క నుంచి నడిపించుకు వెళ్ళండి.

ఒంటరిగా వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు. రూట్ ఫైల్ ఇంట్లో ఒకరికి పంపి, ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పి, ఆ సమయం దాటి గంటైతే ఫోన్ చేయమనండి. ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు, మీ రక్తం గ్రూపు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. కొత్త లూప్ మొదటిసారి ఇంకొకరితో కలిసి తొక్కి, తర్వాత ఒంటరిగా వెళ్ళడం నాకు అలవాటు.

ఫోన్ బ్యాటరీ, సిగ్నల్ సంగతి?

జీపీఎస్‌కి సిగ్నల్ టవర్ అక్కర్లేదు, ఉపగ్రహాల నుంచి వచ్చేది అందుకుంటుంది అంతే. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే ఫ్లైట్ మోడ్‌లో కూడా మీరెక్కడున్నారో కనిపిస్తుంది. బ్యాటరీని ఎక్కువగా తినేది వెలుగుతున్న స్క్రీన్. జేబులో పెట్టుకుని కూడలి దగ్గర మాత్రమే తీసి చూడండి.

దారి తప్పితే?

ఆగండి. తప్పు దారిలో "ఇంకొంచెం చూద్దాం" అని తొక్కేదే ఎక్కువ నష్టం. చివరిగా ఖాయంగా తెలిసిన కూడలికి వెనక్కి వెళ్ళండి. లూప్‌లో ఇల్లు ఎప్పుడూ ఒకవైపే ఉంటుంది, గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంటే ఎడమవైపు. ఈ ఒక్క విషయం గుర్తున్నా ఎటు తిరగాలో తెలిసిపోతుంది.

వాన పడితే? చీకటి పడితే?

వానకి నల్లమట్టి దారి టైరుకి ముద్దలుగా అతుక్కుని చక్రమే తిరగనివ్వదు. వాన పడిన మర్నాడు కూడా తారు రోడ్ల లూప్ మాత్రమే వేయండి. తడిసిన రిమ్ బ్రేకులు ఆలస్యంగా పడతాయి, ముందే నొక్కాలి. నీళ్ళు నిలిచిన చోట గుంత ఎంత లోతో తెలియదు. ఉరుములు మొదలైతే ఒంటరి చెట్టు కిందికి వెళ్ళొద్దు, పక్కా కట్టడంలోకి వెళ్ళండి.

చీకటి పడేలోపు గంట ముందే ఇల్లు చేరేలా లెక్క వేసుకోండి. అయినా వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు సైకిల్‌కి ఎప్పుడూ ఉండాలి.

నలుగురం కలిసి వెళ్తాం, అందరికీ ఒకే బలం లేదు. ఏం చేయాలి?

8 అంకె ఆకారంలో గీయండి. మధ్యలో ఇల్లు, అటు 15 కి.మీ., ఇటు 20. మొదటి చుట్టు అందరూ కలిసి తొక్కుతారు. చాలనుకున్నవాళ్ళు ఇంటి దగ్గర ఆగిపోతారు, ఓపికున్నవాళ్ళు రెండో చుట్టు కొడతారు. ఎవరూ ఎవరికోసమూ నలిగిపోరు. కలిసి తొక్కేటప్పుడు వేగం వెనకవాళ్ళదే. ఆగి, వాళ్ళు రాగానే బయల్దేరితే మీకు విశ్రాంతి దొరుకుతుంది కానీ వాళ్ళకి దొరకదు, అందుకే వచ్చినవాళ్ళు నీళ్ళు తాగి ఊపిరి పీల్చుకున్నాకే కదలండి.

ఒకటే లూప్ మళ్ళీ మళ్ళీ తొక్కితే విసుగు రాదా?

నాకు ఇంతవరకు రాలేదు. తిరగేసి తొక్కితే ఎక్కుడు దిగుడవుతుంది, వెనకపడిన గుట్టలు ఎదురొస్తాయి. నాట్లప్పుడు నీళ్ళల్లో ఆకాశం కనిపించిన చోటే కోతలయ్యాక మోళ్ళ మీద కొంగలు తిరుగుతుంటాయి. ఒకే దారిని పన్నెండు నెలలూ తొక్కితేనే అవన్నీ కనిపిస్తాయి. దాంతో పాటు ప్రతిసారీ తెలియని అడ్డదారి ఒక్కటైనా తొక్కి చూడండి.

నా లూప్ ఫైల్ వేరేవాళ్ళకి ఇవ్వొచ్చా?

తప్పకుండా ఇవ్వండి. ఇచ్చే ముందు మొదటి, చివరి అర కిలోమీటరు కత్తిరించి, దగ్గర్లో అందరికీ తెలిసిన కూడలి నుంచి మొదలయ్యేలా చేయండి. లేకపోతే మీ ఇల్లెక్కడో, ఏ వేళకి బయట ఉంటారో ఫైల్ చూసిన ప్రతివాళ్ళకీ తెలిసిపోతుంది. ఎప్పుడు తొక్కారో నెల, సంవత్సరం రాయండి. నీళ్ళు దొరికే చోట్లు, కుక్కలుండే చోటు, వానాకాలంలో మూసుకుపోయే ముక్క, మూడు అడ్డదారులు కూడా ఫైల్‌లోనే గుర్తు పెట్టి ఇవ్వండి.